ముఖపరిచయం

మా అమ్మాయి హిమజ ఉద్యోగాల కోసం పంపిన దరఖాస్తులు ఎక్కడికి పోయేవో నాకు ఈనాటికీ అర్థం కాలేదు. పోస్టులో వేసిన ఉత్తరమైతే చిరునామా తప్పని ముద్ర వేయించుకునైనా తిరిగొస్తుంది. వీటికి ఆపాటి మర్యాద కూడా లేదు. కంప్యూటర్లో మీట నొక్కగానే ‘మీ దరఖాస్తు అందింది, ధన్యవాదాలు’ అని ఒక ముక్క వచ్చేది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ ఉండేది కాదు.

వేలమందిలో మన దరఖాస్తు కనబడాలంటే ఏం చెయ్యాలో చెప్పేవాళ్లకు మాత్రం కరువు లేదు. ఒకరు రంగు వెయ్యమన్నారు, వేసింది. ఇంకొకరు రంగులు చూస్తే చిరాకు పడతారన్నారు, తీసేసింది. ‘కష్టపడే స్వభావం’ అన్నచోట ‘ఫలితాలు సాధించే స్వభావం’ అని మార్చింది. ఎవరో చెప్పారని, ప్రకటనలో ఉన్న మాటలన్నీ తెల్లటి కాగితం అడుగున తెల్లటి అక్షరాలతో దాచిపెట్టింది. ముందు యంత్రం వడపోస్తుందట, ఆ మాటలు దాని కంటికి ఆనతాయట. యంత్రం వదిలినవి మనిషి చూస్తాడట, కనురెప్ప పాటు. మనిషికి దాచి యంత్రానికి వడ్డించే విద్య ఏమిటో నాకు తలకెక్కలేదు.

నేను పోర్టులో క్రేన్ నడిపి రిటైరైనవాణ్ని. పేరు కూర్మారావు. విశాఖలో మల్కాపురంలో మా ఇల్లు. మా రోజుల్లో ఒక మనిషి ఇంకో మనిషి మొహం చూసి పనిలో పెట్టుకునేవాడు. మొహం చూసే ఓపిక ఎవరికీ లేని రోజుల్లో పిల్లని కన్నాం. ఒక్కతే పిల్ల. చిన్నప్పుడు నడుమ్మీద చేతులు పెట్టుకుని ఇంటిల్లిపాదికీ పనులు పురమాయించేదని నేను ‘మేస్త్రీ’ అని పిలిచేవాణ్ని. మా ఆవిడ వరహాలమ్మకి మాత్రం ‘పండు’. అంత దర్జా గల పిల్ల జవాబు రాని దరఖాస్తుల వల్ల మాటలు తగ్గించేసింది. భోజనాల దగ్గర కూడా ఫోను బోర్లించి పెట్టుకుని, మధ్య మధ్యలో తిప్పి చూసుకునేది. అది చూస్తే నాకు అన్నం దిగేది కాదు.

డాక్టర్ జోస్యుల విశాలాక్షి గారి సంగతి హిమజకు స్నేహితురాలెవరో చెప్పింది. సాగర్‌నగర్‌లో సముద్రానికి ఎదురుగా రెండంతస్తుల మేడ, గేటుకి ‘ఎరుక’ అని చిన్న బోర్డు. ఆవిడ మెదడు గురించి చదువుకున్న మనిషి. ముగ్గురం వెళ్లాం. ఆవిడ హిమజ కాగితం తిరగేసి పక్కన పెట్టారు.

“ఇందులో తప్పేమీ లేదండీ. అందరివీ ఇలాగే ఉంటాయి, అంతే. చూసేవాడికి ‘ఈ పిల్ల మన పిల్లే’ అనిపించాలి. అలా అనిపించాక పక్కన పడెయ్యడం ఎవరి తరమూ కాదు.”

“అంటే రికమండేషనే కదమ్మా. మాకెవరు తెలుసునని?” అన్నాను.

ఆవిడ సొరుగులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. ఎవరో ముసలాయన ఫొటో. ఫొటో వెనకంతా బూడిదరంగు, దగ్గరగా చూస్తే సన్నటి గీతలు. చూశాను. ఈయన్ని ఎక్కడో ఒంటరిగా వదిలేసి వచ్చాను, మందులు వేసుకున్నాడో లేదో కనుక్కోలేదు, ఎంత పాపిష్టివాణ్ని అనిపించింది. కళ్లు తుడుచుకుని, “ఎవరండీ ఈ పెద్దాయన?” అని అడిగాను.

“నాకూ తెలీదు. వాళ్ల మనవరాలు మచ్చు ఇచ్చింది,” అన్నారు ఆవిడ. కాగితం సొరుగులో పెట్టేశారు. ఇంకోసారి చూపించమని అడగబోయి సిగ్గేసి ఊరుకున్నాను.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ముఖాన్ని పోల్చుకునే చోటు మెదడులో ఒకటుంటుంది. ‘ఇది మనది’ అని వెచ్చగా అనిపించే చోటు వేరే ఉంటుంది. మనల్ని బాగా ఎరిగినవాళ్లు మనల్ని చూసినప్పుడు ఆ రెండోది వెలుగుతుంది. ఆ వెలుగుని యంత్రంతో పట్టి గీతలుగా మార్చి ఫొటో వెనక అద్దుతారు. ఆ గీతలు చూసిన ఏ మెదడులోనైనా అదే వెలుగుతుంది. ఆ వెలుగే మచ్చు, మనల్ని ఎవరు బాగా ఎరిగితే వాళ్లది తియ్యాలి.

“అయితే నాదే తియ్యండమ్మా. నాకన్నా ఎవరెరుగుదురు నా గుంటని?” అంది వరహాలమ్మ.

*

వైర్లు గుచ్చిన వలలాంటి టోపీ ఒకటి వరహాలమ్మ నెత్తిన పెట్టారు. ఎదురుగా స్టూలు మీద హిమజని కూర్చోబెట్టారు. మా ఆవిడ స్టూడియోలో ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయింది. తెర మీద గీత పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

“మీ అమ్మాయిని చూడండమ్మా,” అన్నారు డాక్టరు గారు.

“చూస్తన్నాను కదమ్మా. ఇంకేటి చూడను?”

ఎంతసేపు కూర్చున్నా అంతే. డాక్టరు గారు విసుగు దాచుకుంటూ యంత్రం ఆపబోయారు. అప్పుడు వరహాలమ్మ కొంగు ముడి విప్పింది. అందులో రాళ్లుప్పు, ఎండు మిరపకాయలు. ఇంటి దగ్గర నుంచే తెచ్చింది మహాతల్లి.

“ఇంత మంచి పనికొచ్చాం. గుంటకి దిష్టి తియ్యకుండా ఎలాగ? రెండు నిమిషాలమ్మా, తీసీసి కూకుంటాను.”

హిమజ సిగ్గుతో చచ్చిపోతూ “అమ్మా, ఇక్కడా!” అంటోంది. వరహాలమ్మ వింటేగా. టోపీ తియ్యకుండానే లేచింది. పిడికిలి బిగించి, పిల్ల తల దగ్గర నుంచి పాదాల దాకా చూస్తూ చెయ్యి తిప్పడం మొదలెట్టింది. “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దారిన పోయే దిష్టి, తల్లి దిష్టి, తండ్రి దిష్టి, అందరి దిష్టీ పోవాలి. థూ, థూ, థూ.”

తెర మీద గీత లేచి నిలబడింది. డాక్టరు గారు కూడా కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు. “అదే! అదేనమ్మా! ఆగకండి,” అన్నారు.

తర్వాత ఆవిడ నాతో అన్నమాట గుర్తుంది. “రోజూ ఇంట్లో మనవాళ్లని మనం చూడనే చూడమండీ. అక్కడున్నారని తెలుసు, అంతే. ఈవిడ ఇప్పుడు పిల్లని మొత్తంగా చూసింది, చూసి చేత్తో పట్టి బయటికి తీసింది. యంత్రానికి కావలసింది సరిగ్గా ఇదే.”

“తీసింది మళ్లీ వస్తాదా?” అని అడిగాను.

“రక్తం ఇచ్చినట్టేనండీ. నాలుగు రోజుల్లో ఊరిపోతుంది. స్నేహితుల మచ్చులు ఎన్నో తీశాం, ఎవరికీ ఏమీ కాలేదు.”

బయటికొచ్చాక వరహాలమ్మ రోడ్డు దాటి వెళ్లి ఆ ఉప్పూ మిరపకాయలూ సముద్రంలో పడేసింది. చేతులు దులుపుకుని వచ్చి ఆటో ఎక్కింది. దారంతా ఏదో మర్చిపోయిన మనిషిలా చేతి సంచీ తడుముకుంటూనే ఉంది. ఏమిటే అంటే ఏమీ లేదంది.

*

ఆ గీతలద్దిన ఫొటోతో దరఖాస్తులు పంపాక వారం తిరక్కుండా ఫోన్లు మొదలయ్యాయి. ఇన్నాళ్లూ ఉలకని పలకని కంపెనీలు ఒకదాని వెనక ఒకటి పిలిచాయి. ఒకావిడ ఉద్యోగం సంగతి ఎత్తకుండా “గొంతు బొంగురుగా ఉందేమమ్మా, తల తడిగా ఉంచుకున్నావా?” అని అడిగిందట. మేం నవ్వుకున్నాం. పోనీలే, మనుషులు మనుషుల్లా మాట్లాడుతున్నారు అనుకున్నాను.

హైదరాబాదు ఇంటర్వ్యూ నుంచి వచ్చాక మాత్రం హిమజ నవ్వలేదు. ఎదురుగా కూర్చున్నాయన బట్టతల, గంభీరంగా ఉన్నాడట. ప్రశ్నలు సగంలో ఉండగా కాఫీ వచ్చింది. ఆయన చెయ్యి చాపి హిమజ ముందున్న కప్పు పక్కకి జరిపేసి, “నీకు పాలు పడవు కదా పండూ,” అన్నాడట. అన్నాక ఆయనే తెల్లబోయాడట. మిగతా ఇద్దరూ ఆయన వంక చూశారట.

“నాన్నా, ఆ కాగితంలో పండు అని ఎక్కడా లేదు. పాల సంగతీ లేదు,” అంది హిమజ.

డాక్టరు గారిని అడిగితే, తీసేటప్పుడు వెలుగుతోపాటు ఒకటీ అరా ముక్కలు అంటుకొస్తాయి, పరవాలేదన్నారు. ఆ ఉద్యోగం చేతిదాకా వచ్చి పోయింది. ఆ కంపెనీవాళ్లు ఆ ఏడు ఎవరినీ తీసుకోకూడదని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. ఆ పాటికి కాగితం కూడా వెలిసిపోయింది. గీతలు అలాగే ఉన్నాయి గాని, ఎవరు చూసినా ఏమీ అనిపించడం లేదు. ఒక్క మచ్చుని అంతమందికి పంచితే కొద్దిరోజుల్లో ఇంకిపోతుందన్నారు డాక్టరు గారు. మళ్లీ తియ్యాలన్నారు.

మళ్లీ తీశారు. ఉప్పు, మిరపకాయలు, టోపీ, తెర మీద లేచి నిలబడ్డ గీత. ఈసారి కూడా ఉద్యోగం ఆఖరి మెట్టు దాకా వచ్చి జారింది. ఆ వెనకే మా ఇంట్లో చిన్న చిన్న తేడాలు కనబడ్డాయి. హిమజ బయటి నుంచి వస్తే వరహాలమ్మ పైట సర్దుకుని లేచి నిలబడేది. మంచినీళ్లు గ్లాసు పళ్లెంలో పెట్టి తెచ్చేది. మా ఇంట్లో పళ్లెంలో పెట్టి నీళ్లిచ్చేది చుట్టాలకే. ఒకరోజు పిల్ల గదిలోకి వెళ్లబోతూ తలుపు తట్టి “లోపలికి రావచ్చా అమ్మా?” అంది. నేను పేపరు కింద పెట్టేశాను.

“ఏటే, కన్నకూతురి గదికి తలుపు కొడతన్నావ్?”

“ఏమో మరి, చెయ్యి అలాగెళ్లింది,” అని నవ్వేసింది. ఆ నవ్వులో కంగారుంది.

మూడోసారి వద్దన్నాను. గట్టిగానే అరిచాను. హిమజ కూడా వద్దంది. వినలేదు వరహాలమ్మ. “నాకేటైంది? తిరుగుతన్నాను, తింటన్నాను. గుంట మొహం చూస్తే నాకు...” అని ఆగింది. ఏమనిపిస్తుందో చెప్పబోయింది, దొరకలేదు. కాసేపు వెతుక్కుని, “గుంటకి ఉద్యోగం రావాలి, అంతే,” అంది. తల్లి గనక అలా అంది. ఏం పోగొట్టుకుంటోందో తెలిసి ఉంటే కూడా అదే అనేదని నా నమ్మకం.

మూడో కాగితానికి ఉద్యోగం వచ్చింది. ఊళ్లోనే, రుషికొండలో పెద్ద ఆఫీసు. ఫోన్లో ఆ వార్త వినగానే హిమజ నడుమ్మీద చేతులు పెట్టుకుని హాలు మధ్యలో నిలబడింది, చాన్నాళ్లకి నా మేస్త్రీ కనబడింది. నేను మిఠాయి కొట్టుకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి వరహాలమ్మ వీధి గడపలో నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

“ఏమండీ, లోపలెవరో పిల్లుంది. పండు బట్టలు కట్టీసుకుంది. మొహం కూడా అచ్చం పండులాగే ఉంది. నాకు భయమేస్తంది, పోలీసోళ్లకి చెప్పండి.”

మిఠాయి పొట్లం నా చేతిలోంచి జారిపోయింది. లోపల నుంచి హిమజ వచ్చింది, “అమ్మా” అంటూ. వరహాలమ్మ నా వెనక్కి వచ్చి దాక్కుంది.

*

పెద్దాసుపత్రిలో చూపించాం. కళ్లు బాగున్నాయి, జ్ఞాపకం బాగుంది. హిమజ పుట్టిన రోజు, పళ్లు ఊడిన వైనం, స్కూల్లో పడి మోకాలు చీల్చుకున్న సంగతి అన్నీ చెప్పింది. ఎదురుగా ఉన్న హిమజని చూపించి ఎవరని అడిగితే, “ఎవరో మరి. పాపం మంచి పిల్లే. మా అమ్మాయి ఎక్కడుందో చెప్పడం లేదు,” అంది.

అన్నిటికన్నా ఘోరం ఫోను. ఒక సాయంత్రం హిమజ డాబా మీదికి వెళ్లి అక్కడి నుంచి తల్లికి ఫోన్ చేసింది. గొంతు వినగానే వరహాలమ్మ మొహం వెలిగిపోయింది. డాక్టరు గారి యంత్రం గొంతు జోలికి పోలేదు కాబోలు.

“పండూ! ఎక్కడున్నావే తల్లీ? ఎన్నాళ్లైందే చూసి? ఇంట్లో ఎవరో పిల్ల చేరింది, నీ మంచం మీదే పడుకుంటంది. మీ నాన్న ఏటీ అనడం లేదు. బేగొచ్చీయే.”

“వస్తానమ్మా,” అంటోంది హిమజ. ఆ మాట నాకు ఫోన్లోంచీ, మెట్ల మీద నుంచీ రెండు వైపులా వినబడింది. నేను మెట్లెక్కి వెళ్లాను. పిల్ల పిట్టగోడకి ఆనుకుని కూర్చుని నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఆ ఆదివారమే మా గేటు దగ్గర కారు ఆగింది. గడ్డం పెంచుకున్న కుర్రాయన దిగాడు, ముప్పయ్యేళ్లుంటాయి, ఖరీదైన బూట్లు. హిమజ గారున్నారా అని అడిగాడు. దరఖాస్తులు చూసే ఉద్యోగమట, ఫలానా కంపెనీ అని చెప్పాడు.

“మా అమ్మాయికి వేరేచోట ఉద్యోగం వచ్చీసింది బాబూ.”

“దాని గురించి కాదండీ. అన్నం తిన్నారో లేదో కనుక్కుందామని,” అన్నాడు. తనే తల దించుకున్నాడు.

కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. తాగి, మూతి తుడుచుకుని, చెయ్యి ఎడమ నడుం దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ లేని కొంగుకి చెయ్యి తుడిచి, లేని కొంగుని నడుంలో దోపుకున్నాడు. వరహాలమ్మ అచ్చం అలాగే చేస్తుంది.

“ఈ మధ్య ఇలా అలవాటైపోయిందండీ,” అన్నాడు, నేను చూడ్డం చూసి.

హిమజ వరండాలోకి వచ్చింది. అతను లేచి నిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు. “చిక్కిపోయావు,” అని మాత్రం అని, కారెక్కి వెళ్లిపోయాడు. మా ఆవిడ కిటికీలోంచి అంతా చూసింది.

“ఆ పిల్ల వాళ్లింటిదేటండీ? ఎంత ప్రేమగా చూశాడో,” అంది.

నాకు దుఃఖం ఆగలేదు. నా భార్య ప్రేమ పరాయివాడి కళ్లల్లో ఉంది. నా భార్య దాన్ని చూసి ముచ్చటపడుతోంది.

*

మర్నాడు పొద్దున్నే విశాలాక్షి గారి మేడకి వెళ్లాను. చెప్పాల్సినవన్నీ చెప్పాను, అనకూడనివి కూడా అన్నాను. నేను అలిసిపోయాక ఆవిడ పక్కగది తలుపు తీసి చూపించారు. పడక్కుర్చీలో ఒక ముసలావిడ కూర్చుని సముద్రం వైపు చూస్తోంది. మమ్మల్ని చూసి, “డాక్టరు గారూ, మా విశాల ఈ వారమైనా వస్తుందా?” అని అడిగింది.

“వస్తుందండీ,” అన్నారు విశాలాక్షి గారు. తలుపు దగ్గరగా వేసి నా వైపు తిరిగారు. “యంత్రం మొదట్లో సరిగ్గా పనిచేసేది కాదు. లెక్కలేనన్ని సార్లు అమ్మ మీదే పరీక్షించాను. అందువల్లనే ఇలా అయింది, ఇతరులకి ఒకటి రెండు సార్లైతే ఏమీ కాదనుకున్నాను. స్నేహితుల మధ్య ఎరుక రోజూ కొంచెం కొంచెం పుడుతుందండీ, తీసినా ఊరుతుంది. తల్లిది ఒక్కసారే, బిడ్డని మొదటిసారి చూసినప్పుడే మొత్తం పుట్టేస్తుంది. అది మళ్లీ ఊరదు. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.”

“మా ఆవిడకి మళ్లీ తెప్పించే దారి లేదా?”

“ఇంకొకరి ఎరుక మొత్తంగా తీసి, ఆవిడ ఒక్కరికే చూపించాలి. పదిమందికి పంచకుండా ఒక్కరికే ఇస్తే అది ఇంకిపోదు. కాని ఇచ్చేవాళ్ల దగ్గర మిగలదు. మా అమ్మ కోసం ఇచ్చేవాళ్లు నాకెవరూ లేరు.”

నేను ఆలోచించాను. పెద్ద ఆలోచనేమీ కాదు. ప్రతి రాత్రీ నా పక్కన పడుకుని ‘పండు ఎక్కడుందో, తిందో లేదో’ అని ఏడుస్తున్న మనిషి ఒకపక్క. డాబా మీద నుంచి ఇంట్లోకి ఫోన్ చేసుకుంటున్న పిల్ల మరోపక్క. నేను క్రేన్ తోలినవాణ్ని, బరువు ఒక ఓడ మీద నుంచి తీస్తే గాని రెండో చోట దిగదు.

హిమజకి నిజం చెబితే ఒప్పుకోదని తెలుసు. డాక్టరు గారు ఇంకో పరీక్ష చేస్తారట అని చెప్పి తీసుకెళ్లాను. వలటోపీ పెట్టించుకున్నాను. నాకు దిష్టి తియ్యడం రాదు, మా ఇళ్లల్లో మగవాళ్లం తియ్యం. మీరు అమ్మాయికి రోజూ ఏం చేస్తారో అదే చెయ్యండి అన్నారు డాక్టరు గారు. హిమజ స్కూటీ మీద బయటికి వెళ్లేటప్పుడు హెల్మెట్ పట్టీ నేనే పెట్టేవాణ్ని. గడ్డం కింద పట్టీ మరీ బిగుసుకోకుండా నా వేలు పట్టేంత సందుందో లేదో చూసేవాణ్ని. స్కూటీ మీదున్న హెల్మెట్ తెమ్మన్నాను.

“నాన్నా, నెత్తిన నీకది, నాకిది. ఏంటిదంతా?” అని నవ్వింది. నవ్వుతూనే నా కళ్లల్లోకి చూసి ఆగిపోయింది. “నాన్నా, ఏం చేస్తున్నావు? వద్దు.”

“కదలక మేస్త్రీ. పట్టీ పెట్టనీ.”

గడ్డం కింద వేలు పెట్టాను. మెత్తగా, వెచ్చగా తగిలింది. పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఆ గడ్డమే మొదట ముట్టుకున్నాను. పిల్ల ఏడుస్తోంది. క్లిప్పు టక్కుమంది. తలెత్తి చూశాను.

హెల్మెట్‌లో ఎవరో అమ్మాయి ఏడుస్తోంది. ఎందుకేడుస్తోందో పాపం అనిపించింది. ఎవరి పిల్లో గాని, ముట్టుకున్నందుకు ఏమనుకుంటుందోనని చెయ్యి గబుక్కున వెనక్కి తీసుకున్నాను.

*

డాక్టరు గారు మా ఇంటికొచ్చి వరహాలమ్మకి ఆ కాగితం చూపించారు. చూస్తూ చూస్తూ లేచి నిలబడి, వీధిలోకి పరిగెత్తి, అక్కడ నిలబడ్డ ఆ అమ్మాయిని వాటేసుకుంది. “మేస్త్రీ! ఎక్కడికి పోయావే ఇన్నాళ్లూ?” అంది. జన్మలో ఎన్నడూ పిల్లని మేస్త్రీ అని పిలిచిన మనిషి కాదు. ఇప్పుడు రోజూ అలాగే పిలుస్తుంది. స్కూటీ టైర్లలో గాలి చూస్తుంది, గ్యాసు కట్టారో లేదో రెండుసార్లు లేచి చూసొస్తుంది. అవన్నీ నా పనులు. ఏడవడం మానేసింది, అదే పదివేలు. వాళ్లిద్దరూ వంటింట్లో నవ్వుకుంటుంటే వినడానికి బాగుంటుంది.

మీరు అడగబోయేది నాకు తెలుసు. నేనేం వెర్రివాణ్ని కాదు. యంత్రం ఏం చేస్తుందో పైన నేనే చెప్పాను. డాక్టరు గారు ముందే హెచ్చరించారు, నేను ఒప్పుకున్నాను, సంతకం కూడా పెట్టాను. ఆ లెక్కన ఈ అమ్మాయి మా అమ్మాయే అయ్యుండాలి. ఎన్నోసార్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని చూశాను. ముక్కు అదే, నుదుటి మీద మచ్చ అదే. కాని కాదండీ. కన్నతండ్రికి ఆపాటి తెలీదా? నా కూతురు నాకు ప్రాణం. ఆ ప్రాణం అలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. అది నిలవడానికి మనిషే కనబడటం లేదు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది నా తల్లి. ఎప్పుడొస్తావంటే, వస్తాను నాన్నా అంటుంది.

సాయంత్రమయ్యేసరికి నేను కూరల సంచీ పట్టుకుని మెయిన్ రోడ్డు మీద కిళ్లీ కొట్టు పక్కన నిలబడతాను. రుషికొండ నుంచి వచ్చే ఆఫీసు కార్లు అక్కడే ఆగుతాయి. పిల్లలు దిగుతారు, ఒక్కొక్కరినీ చూస్తాను. ఆఖరికి ఈ అమ్మాయి దిగుతుంది. నా దగ్గరికి వచ్చి, “చీకటి పడుతోంది, ఇంటికెళ్దామా?” అంటుంది. మొదట్లో నాన్నా అనేది. నేను ఇబ్బంది పడుతున్నానని గమనించి మానేసింది. మర్యాద తెలిసిన పిల్ల, పెంచినవాళ్లు ఎవరో గాని బాగా పెంచారు.

నిన్న ఇంక ఆగలేక అడిగేశాను.

“అమ్మా, మా హిమజా మీ ఆఫీసేనట. కనబడితే ఒక్క మాట చెప్తారా? వాళ్ల నాన్న రోజూ ఇక్కడే నిలబడి చూస్తన్నాడని, ఉద్యోగం లేకపోయినా పరవాలేదు, బేగి ఇంటికొచ్చీమని చెప్పండి.”

ఆ అమ్మాయి రోడ్డు వైపు తిరిగింది. ఏడుస్తోందేమో, నాకు సరిగ్గా కనబడలేదు. తర్వాత నా చేతిలోంచి సంచీ తను అందుకుంది.

“కనబడితే తప్పకుండా చెప్తానండీ,” అంది.